వానాకాలంలో సూర్యుడి ప్రాక్టికల్

ఎండాకాలంలో జరగాల్సిన మా ఎమ్మెస్సీ ప్రాక్టికల్ పరీక్ష ఆ ఏడాది వానల్లో జరిగింది. తెలంగాణ ఉద్యమంతో క్యాంపస్ నెలల తరబడి మూతపడింది, పరీక్షలన్నీ వెనక్కి జరిగాయి. మిగతా శాఖల వాళ్లకు దానివల్ల పెద్ద తేడా లేదు. ఖగోళశాస్త్రం చదివే మాకు మాత్రం ఒక ప్రయోగం సాక్షాత్తూ సూర్యుడితోనే. పరీక్షలు వాయిదా వేసినవాళ్లకు ఆ సంగతి ఎందుకు గుర్తుంటుంది?

నేను తార్నాకలో అక్కాబావల ఇంట్లో ఉండి చదువుకుంటున్నాను. పరీక్ష రోజు పొద్దున ఇల్లంతా తడి బట్టలు వేలాడుతున్నాయి. అక్క వాటిని తోసుకుంటూ గడప దాకా వచ్చి ఆకాశం వైపు చూసింది.

"గీ సూర్యుడు సచ్చిండా ఏంది? బట్టలు ముక్క వాసనొస్తున్నయి."

"అట్లనకు అక్కా. నాకు గా ప్రయోగం రావద్దని మొక్కు," అన్నాను.

మా నాయినకు సేద్యం తప్ప వేరే ఆధారం లేదు. గొడవల్లో చదువు ఆగిపోయేసరికి ఆయన ఓపిక కూడా అయిపోయింది. "గీసారి పాసైతే ఉండు బిడ్డా. లేకుంటే పెట్టె సదురుకొని ఇంటికి రా," అని తేల్చేశాడు. పాసైతే పరిశోధనకు తీసుకుంటామని మా ప్రొఫెసరు మాట ఇచ్చారు. ప్రాక్టికల్ పోతే మాత్రం మిగతావన్నీ ఎంత బాగా రాసినా పోయినట్టే.

చీటీలు తీయించారు. నాకు సూర్యుడే వచ్చాడు.

ప్రయోగం చెప్పడానికి సులువు. కిటికీలో అద్దం పెట్టి ఎండను స్పెక్ట్రోస్కోపు సన్నటి చీలికలోకి మళ్లించాలి. లోపలి పట్టకం ఆ వెలుగును రంగుల పట్టీగా పరుస్తుంది. ఆ పట్టీకి అడ్డంగా నల్లటి గీతలుంటాయి. ఏ గీతలు ముదురుగా ఉన్నాయో, ఏవి పలచగా ఉన్నాయో చూసి నక్షత్రాలను తరగతులుగా విడదీస్తారు. మహా వేడిగా ఉండే నీలి చుక్కలు ఒక కొసన, వేడి తక్కువగా ఉండే ఎర్రవి ఇంకో కొసన. నేను గీతల స్థానాలు కొలిచి, గోడకు వేలాడదీసిన నక్షత్రాల పట్టీలతో పోల్చి, సూర్యుడు ఏ తరగతివాడో తేల్చాలి. జవాబు అందరికీ తెలిసిందే. జి తరగతి, పసుపుపచ్చ, మధ్యరకం. లోకమంతా దండం పెట్టే దేవుడు చుక్కల్లో మా బావలాంటి గుమాస్తా అని మొదటిసారి చదివినప్పుడు తెగ నవ్వుకున్నాను. అయితే తెలిసిన జవాబుకు మార్కుల్లేవు, కొలిచిన గీతలకే మార్కులు. ఒక్కో పరికరంలో కొలత ఒక్కోలా వస్తుంది కాబట్టి బట్టీ పట్టి రాసే వీలూ లేదు.

అద్దం అటు తిప్పాను, ఇటు తిప్పాను. మబ్బు కదల్లేదు. నల్ల తెరల వెనక తోటివాళ్ల బల్లల మీద సోడియం దీపాలు వెలుగుతున్నాయి. వాళ్ల దీపాలకు స్విచ్చులున్నాయి. నా దీపం ఎవరు వేస్తే వెలుగుతుంది? వాళ్లు పేజీలు తిప్పే చప్పుడు వినిపిస్తోంది. సూర్యుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను.

పరీక్షకుడు గుంటూరు వైపు నుంచి వచ్చిన పెద్దాయన. ఆయన దగ్గరికి వెళ్లి ఇంకో ప్రయోగం ఇమ్మని అడిగాను.

"చీటీ తీశాక మార్చడానికి వీల్లేదమ్మా. నీ ఒక్కదానికే మారిస్తే తక్కినవాళ్లు ఊరుకుంటారా?"

ఆంధ్రాయన కాబట్టే ఇలా చేస్తున్నాడని మనసులో గట్టిగా అనుకున్నాను. ఆ ఏడాది అలా అనుకోవడానికి ఎవరికీ ఎక్కువ కష్టం ఉండేది కాదు. మళ్లీ వచ్చి కిటికీ పక్కన కూర్చుని, ఒక్క కొలతా లేకుండా పేపరు ఇచ్చేదాకా ఎండ కోసం చూస్తూనే ఉన్నాను.

పేపర్లన్నీ తీసుకున్నాక, చివరికి వైవా అడగడానికి ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"ప్రశ్నపత్రం చదువుకున్నావా?"

"చదివిన సార్."

"ఈ మూల దీపం లేదు కదా. ఏ వెలుతురులో చదివావు?"

"కిటికీ వెలుతురుల."

"ఆ వెలుతురు ఎవరిది తల్లీ?"

నేను కిటికీ వైపు తిరిగాను. ఆయన లేచి అద్దం పక్కకు తీసేసి, చీలికను నేరుగా మబ్బు వైపు తిప్పాడు. నేను కన్ను ఆనించి చూశాను. మసకగానే అయినా రంగుల పట్టీ ఉంది. దాని మీద నల్ల గీతలు, నేను పుస్తకంలో చూసిన చోట్లలోనే, ఒక్కటీ తప్పకుండా ఉన్నాయి. మబ్బుల్లోంచి వడకట్టినట్టు వచ్చినా అది సూర్యుడి వెలుగే. పొద్దున్నుంచీ నా పేపరు మీదే పడుతోంది.

"ముందే చెప్పొచ్చు గద సార్," అన్నాను.

"పరీక్షలో చెప్పకూడదమ్మా. నీకెప్పుడు తడుతుందా అని చూస్తూనే ఉన్నా." కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "కొలతలు లేకుండా నేనేం మార్కులు వెయ్యను, చెప్పు?"

ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. ఆయన చేతిలో నిజంగానే ఏమీ లేదు. నా చేతిలోనూ లేదు.

తడుస్తూనే తార్నాక దాకా నడిచాను. అక్క నా మొహం చూసి తువ్వాలు తెచ్చింది.

"ఎండ రాలేదా?"

"రాలే."

"అయితే నువ్వేం జేస్తవే? అండ్ల నీ తప్పేమున్నది?"

ఆ మాటకు ఏడుపొచ్చింది. అది ఎండ లేదనే ఏడుపని అక్క అనుకుంది, నేనూ అలాగే అనుకోనిచ్చాను. తర్వాత మంచం కింది నుంచి పెట్టె లాగి బట్టలు సర్దడం మొదలుపెట్టాను.

"చీకటిగ లేదా? ఆగు, లైటేస్త," అంది అక్క.

"వద్దక్కా, కనవడుతున్నది," అన్నాను.

బయట ఇంకా వాన పడుతూనే ఉంది. నా చీరల్లో ఏది ఏ రంగో కిటికీలోంచి వచ్చే ఆ వెలుతురులో స్పష్టంగా తెలుస్తూనే ఉంది.