మా బావకు చావు నేర్పిన మధ్యాహ్నం

మా వెంకటేసు బావను నేను ఒక గురువారం పట్టపగలు, వీధి వీధంతా చూస్తుండగా చంపాను. పోలీసులు రాలేదు. వచ్చి ఉంటే బాగుండేదని తరువాత చాలాసార్లు అనిపించింది. జైలు గోడలు కనీసం మా అత్త చేతి చీపురుకు అడ్డం నిలిచేవి. ఆ ఘోరం ఎలా జరిగిందో ఇప్పుడు చెబుతాను. మీరు ధారాళంగా నవ్వుకోవచ్చు. నేనూ నవ్వుతాను, మా అత్త ఊళ్ళో లేనప్పుడు.

అప్పుడు నేను వేలూరులో ఎఫ్.ఏ. చదువుతున్నాను. మాది గుడియాత్తం, నేతవాళ్ళ వీధి. ఆ వీధి మొత్తానికి ఇంగ్లీషు వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. అందువల్ల నాకు ఎంత వచ్చునో కనిపెట్టగలవాడు ఒక్కడూ లేడు. టెలిగ్రాం వచ్చినా నా దగ్గరికే తెస్తారు, మందుసీసా మీది చీటీ చదవాలన్నా నా దగ్గరికే. ఇంత గౌరవం పద్దెనిమిదేళ్ళవాడి నెత్తిన పడితే ఆ నెత్తి ఏ దిక్కుకు తిరుగుతుందో మీకు వేరే చెప్పాలా?

ఆ ఏడు మా ఇంగ్లీషు పంతులుగారు ట్రాజెడీ పాఠం మొదలుపెట్టారు. పొడుంపట్టు పీల్చి, కళ్ళు మూసుకుని, "నాయకుడు గొప్పవాడై ఉండాలి, వాడిలో ఒకే ఒక్క లోపం ఉండాలి, ఆ లోపమే వాణ్ని ముంచాలి. చూసేవాళ్ళకు జాలీ భయమూ పుట్టాలి, కన్నీళ్ళతో మనసు కడిగినట్టు కావాలి" అనేవారు. నేను నోరు తెరుచుకుని వినేవాణ్ని. ఆయన చెప్పిన ప్రకారం ఇంగ్లీషు రాజులకు శత్రువులే అక్కర్లేదు. ఒకడికి అనుమానం, ఒకడికి ఆశ, ఒకడికి ఏ పనీ తేల్చుకోలేని జబ్బు. ఐదో అంకానికల్లా విషమో కత్తో పిచ్చో తగిలి అందరూ వరసగా పడిపోతారు. తెర దించేవాడు ఒక్కడే ప్రాణాలతో ఇంటికి పోతాడు. పద్యాలూ అదే దారి. కవి అనేవాడు చీకటి పడే వేళ సమాధుల మధ్యనే షికారు చేస్తాడు. పువ్వు కనిపిస్తే, రేపు వాడిపోతుందే అని ఇవాళే ఏడ్చి పెడతాడు.

మన నాటకాల్లో ఎవడు చచ్చినా చివర్లో దేవుడు దిగివచ్చి లేపుతాడు. అందరూ కలిసి మంగళం పాడి ఇళ్ళకు పోతారు. దేవుడికి వేరే పని లేదా అని నాకు చిరాకు వేసింది. వేసవి సెలవుల్లో అమ్మవారి తిరునాళ్ళకు మా కుర్రకారు నాటకం వేస్తారు. ఈసారి మా వీధి మనసు కూడా కడిగెయ్యాలని నిశ్చయించుకుని, పన్నెండు రోజుల్లో సొంతంగా ఒక ట్రాజెడీ రాసి పారేశాను. అందులో సీమరాజు మహావీరుడు. లోపం ఒకటే, "తప్పయిపోయింది" అనే మాట నోట రాదు. ఆ మాట అనేస్తే నాటకం రెండో అంకంలోనే ముగుస్తుంది. అనడు. అందుకని మంత్రి, తమ్ముడు, పట్టపుటేనుగు అందరూ పోతారు. ఏనుగును తెర వెనకాలే చంపాను, మా దగ్గర ఏనుగు లేదు. చివరికి రాజూ పోతాడు. అతని మీద పడి రాణి ఏడుస్తుంది. మంగళం లేదు.

రాజు వేషం మా మేనత్త కొడుకు వెంకటేసు బావది. ఎత్తరి, మంచి గొంతు, మగ్గం ముందు కూర్చుని పాట ఎత్తితే మూడిళ్ళ అవతలికి వినిపిస్తుంది. మా బావలోనూ ఒక లోపం ఉంది: చెప్పిన మాట వింటాడు. రాణి వేషం నూలుకు రంగులద్దే మునిరత్నానిది. మోచేతుల దాకా నీలిరంగు ఉన్న రాణి ప్రపంచ నాటక చరిత్రలో అదే మొదటిసారి అనుకుంటాను.

ఇక ఆ గురువారం సంగతి. బాగాయం నుంచి లుంగీల వ్యాపారి శేషయ్యగారు, తన తల్లిని వెంటబెట్టుకుని, మా బావను చూడడానికి వస్తున్నారు. ఆయన కూతురిని బావ పళ్ళికొండ గుడి దగ్గర ఒకే ఒక్కసారి చూశాడు. అప్పటి నుంచి పచ్చ పోగు వెయ్యాల్సిన చోట ఎర్ర పోగు వేస్తున్నాడు. ఈ సంబంధం తప్పితే మా బావ ఇక జీవితంలో సరైన లుంగీ నెయ్యడని అందరికీ తెలుసు. అత్త తెల్లవారుజాము నుంచే వడలకు పప్పు నానబోసి, కొడుకును గడప దాటొద్దని కట్టడి చేసి, వచ్చేవాళ్ళకు నీళ్ళివ్వడానికి మంచి లోటాలు తేవాలని పక్క వీధికి వెళ్ళింది.

ఆ సందులో నేను దూరాను.

"బావా, గంట పని. నీ చావు ఒక్కటే మిగిలింది."

"ఈ పొద్దు వద్దురా గోవిందూ. అమ్మ చూస్తే తంతాది. వాళ్ళు వస్తా ఉండారు."

"రాహుకాలంలో యాడొస్తారు? మూడు దాకా రారు. అంతలోపల నువ్వు చచ్చి, లేచి, మొకం కడుక్కోని, తల దువ్వుకోవచ్చు."

వాళ్ళు రాహుకాలానికి ముందే ఇంట్లోంచి బయలుదేరితే, రాహుకాలంలోనే వచ్చి దిగుతారన్న లెక్క నాకు తట్టలేదు. ఎఫ్.ఏ.లో అది చెప్పలేదు.

బావను నడవలో, తల దక్షిణానికి పెట్టి పడుకోబెట్టాను. గుండెల మీద కుంకుమనీళ్ళు చల్లాను. తెల్లపంచె కప్పాను. "నేను చప్పట్లు కొట్టేదాకా ఇంటి మీద పిడుగు పడినా కదలొద్దు" అని ఆజ్ఞాపించాను. అంతా బాగుంది, రాణి ఏడుపే బాగాలేదు. మునిరత్నం ఏడిస్తే, తప్పిపోయిన మేకను పిలుస్తున్నట్టుంది. ఇలా లాభం లేదని నేరుగా పోయి కుప్పమ్మను పిలుచుకొచ్చాను. చావింట్లో ఒప్పారి పాట ఎత్తి ఏడవడంలో గుడియాత్తం చుట్టుపక్కల ఆమెను మించినవాళ్ళు లేరు. ఆమె గొంతెత్తితే, ఆస్తి కోసం కాచుకుని ఉన్న తమ్ముళ్ళు కూడా ఏడుస్తారు.

"సరే నాయనా, పోయింది ఎవరు?" అంది కూర్చుంటూ.

"ఒక రాజు పెద్దమ్మా. సీమరాజు."

"వానికి అమ్మ ఉండాదా? ఏమి తినేదంటే ఇష్టం? బిడ్డలెంతమంది?"

"అవన్నీ నాటకంలో లేవు. నువ్వు ఊరికే ఏడువు, మునిరత్నం చూసి నేర్చుకుంటాడు."

"ఊరికే ఏడ్చేదానికి నాకేమన్నా పిచ్చా? పేరు తెలీకుండా, పుట్టువు తెలీకుండా ఏడిస్తే గొంతు పలకదప్పా. వాడు తిన్నదీ కట్టిందీ చెప్పాల. చూడకుండా పోయింది చెప్పాల. అప్పుడే ఎదుటోళ్ళ కండ్లల్లో నీళ్ళు తిరిగేది."

పంతులుగారు నాలుగు నెలలు పొడుం పీల్చి చెప్పిన సంగతిని ఈమె ఆకువక్క నములుతూ ఒక్క నిమిషంలో చెప్పేసింది! నాకు ఒళ్ళు పులకరించింది. ఆ పులకరింతలోనే, నా జన్మలోకెల్లా తెలివితక్కువ మాట నోట్లోంచి జారింది.

"అట్లయితే మా బావ పేరు పెట్టి ఏడువు పెద్దమ్మా."

"బతికుండే బిడ్డనా? శివశివా!"

"నాటకమే కదా!"

"నీ ఇష్టమప్పా. సదువుకున్నోడివి" అని, కొంగు నడుముకు చెక్కి, గుండె మీద ఒక్క చరుపు చరిచి అందుకుంది.

"నా వెంకటేసూ! తెగిన పోగుకి ముడేస్తివే, నీ పోగు తెగితే ముడేసేదెవరప్పా! పసుపుబట్ట కట్టకముందే తెల్లబట్ట కప్పిరే నాయనా!"

మా వీధి పద్ధతి మీకు ఇక్కడ చెప్పాలి. చావు ఏడుపు వినబడితే మగ్గాలన్నీ ఆగిపోతాయి. శవం కదిలేదాకా ఎవరూ చెయ్యి వెయ్యరు. ఆడవాళ్ళు ఉన్నపళంగా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, దారిలోనే ఏడుపు ఎత్తుకుని వచ్చేస్తారు. ఎవరు, ఎందుకు, ఎలా అని అడిగి ఏడవడం మా దగ్గర మర్యాద కాదు. ముందు ఏడుపు, తరువాత విచారణ.

ఇదంతా పుట్టినప్పటి నుంచి చూస్తున్నవాణ్నే. కానీ ఆ రోజు నా తలలో పంతులుగారు తప్ప ఇంకెవరికీ చోటు లేదు. పక్కింటి మగ్గం ఆగింది. దాని పక్కది ఆగింది. వీధంతా నిశ్శబ్దం. 'ఆహా, కళకు ఎంత గౌరవం!' అనుకున్నాను. పదిమంది ఆడవాళ్ళు ఏడుస్తూ వచ్చి కుప్పమ్మను కావలించుకున్నారు. 'జాలి పుట్టింది' అనుకున్నాను. ఎదురింటి పెద్దాయన వచ్చి చూసి, వణికిపోతూ గోడకు ఆనుకున్నాడు. 'ఇదిగో భయం!' అనుకున్నాను. ఇద్దరు మనుషులు పచ్చివెదుళ్ళు మోసుకొచ్చి వాకిట్లో పడేశారు. నాటకం పందిరికి అప్పుడే సాయం చేస్తున్నారని మనసులోనే దండం పెట్టుకున్నాను. చూశారా, ఇంత గుడ్డివాడికి గవర్నమెంటు పరీక్షలో ఫస్టు మార్కులు!

అప్పుడు వచ్చింది అత్త.

చేతిలోని లోటాలు గడపలోనే జారిపడి దొర్లుకుంటూ పోయాయి. ఆమె ఏడవలేదు. మెల్లగా వచ్చి, బావ కాళ్ళ దగ్గర కూర్చుని, పంచెలోంచి బయటికి వచ్చిన పాదాన్ని పట్టుకుని, నిద్రపోయేవాణ్ని లేపినట్టు చిన్నగా అంది:

"లెయ్యప్పా. వాళ్ళొచ్చే యాళయింది."

చప్పట్లు కొడదామంటే రెండు చేతులు ఒకదానికొకటి దొరకలేదు. నాలుగు నెలల పాఠంలో అర్థం కానిది ఆ ఒక్క మాటతో అర్థమైంది. అర్థమై ఏం లాభం? వాకిట్లో జట్కాబండి ఆగింది.

శేషయ్యగారు దిగారు. జనాన్ని చూశారు, వెదుళ్ళను చూశారు. "ఎవరప్పా పోయింది?" అని అడిగారు.

"వెంకటేసు" అన్నాడు ఎదురింటి పెద్దాయన.

"యా వెంకటేసు?"

"ఇంకెవరు సామీ, మీరు చూడను వచ్చినోడే."

శేషయ్యగారు తలపాగా తీసి చంకలో పెట్టుకున్నారు. "అమ్మా, దిగొద్దు. బండి తిప్పప్పా."

పిడుగు పడినా కదలొద్దన్నానా? పిడుగు పడి ఉంటే కదిలేవాడు కాదు. "బండి తిప్పు" అన్న మాట చెవిన పడేసరికి శవం లేచింది. గుండెల మీద నెత్తురుతో, నడుముకు సగం చుట్టుకున్న తెల్లపంచెతో, "మామా! పోవద్దండి మామా! నేను బాగుండాను!" అంటూ జట్కా వెంట పరుగెత్తింది.

తరువాత ఎవరు ఎటు పారిపోయారో నేను చెప్పలేను. నీలిచేతుల రాణి పెరటిగోడ దూకడం మాత్రం చూశాను. గుర్రం వెనక్కి నడిచింది. ఎదురింటి పెద్దాయన అరుగు కిందికి దూరాడు. కుప్పమ్మ ఒక్కతే కదలకుండా కూర్చుని, "ఇంకా సగం గూడా కాలేదే" అని బాధపడింది. అత్త బావను పట్టుకుని చెంప మీద ఒకటి ఇచ్చింది, కావలించుకుంది, మళ్ళీ ఒకటి ఇచ్చింది. ఆ తరువాత చీపురు కోసం చుట్టూ చూసింది.

"ఎవరి పనిది?" అన్నారు శేషయ్యగారు. వీధిలో ఉన్న వేళ్ళన్నీ నా వైపు తిరిగాయి.

"అది... ట్రాజెడీ అండీ" అన్నాను. "చూసేవాళ్ళకి జాలీ భయమూ పుట్టాలని..."

"భయం పుట్టింది. జాలి మాత్రం నీ మింద పుట్టేదిగా లేదు" అని ఆయన అత్త వైపు తిరిగారు. "ఏమీ అనుకోవద్దమ్మా. పిలగాడు మంచోడే. అయినా నేను చూడను వచ్చిన పొద్దే వాకిట్లో పాడె వెదుళ్ళు కనపడినాయి. ఈ సంబంధం ఎట్ల చేసేది?"

బావ ముఖం చూశాను. అంతకుముందు చచ్చినప్పుడు కూడా అంత తెల్లబోలేదు.

"తప్పయిపోయింది సామీ!" అని శేషయ్యగారి కాళ్ళ మీద పడ్డాను. "నాదే తప్పు. మా బావకేమీ తెలీదు. చెప్పినట్ల చచ్చినాడు, అంతే."

ఆయన కరగలేదు. అంతలో బండిలోంచి ఆయన తల్లి, ఎనభై ఏళ్ళ అవ్వ, తల బయటపెట్టింది.

"ఎందుకప్పా లేస్తివి నువ్వు?" అని బావను అడిగింది.

"బండి తిప్పమంటిరే అవ్వా" అన్నాడు బావ తల వంచుకుని.

"విన్నావా శేషా? అమ్మ పిలిస్తే లేవలేదు, మన బండి తిరిగితే లేసినాడు. పిల్లని బాగా చూసుకుంటాడు. బతికుండేవాణ్ని పోయినాడని ఏడిస్తే ఆయుసు పెరుగుతాదని మా అమ్మ చెప్తా ఉండె. ఒకరు ఏడిస్తేనే పెరుగుతాదంట, ఈనికి వీధంతా ఏడ్చినాది. ఇంత గట్టి మొగుడు మన పిల్లకి యాడ దొరుకుతాడు? దించు నన్ను. వడల వాసన వస్తా ఉండాది."

తాంబూలాలు ఆ సాయంకాలమే మార్చుకున్నారు. ఏడ్చిన ఆడవాళ్ళంతా బావుల దగ్గర తలస్నానం చేసి వచ్చి వడలు తిన్నారు. నాకు వడలు పెట్టలేదు. నాకు అత్త పెట్టినవి వేరే.

బండి ఎక్కబోతూ అవ్వ నన్ను వేలితో పిలిచింది. తిట్టడానికేమో అని వంగాను. చెవిలో గుసగుసగా అంది:

"నాయనా, మా ఇంటాయనకి మూడు నెలలుగా ఒకటే దగ్గు. ఒకతూరి బాగాయం వచ్చి ఆయన్ని చంపిపోరాదా? ఆ ఏడ్చేయమ్మని గూడా పిలుచుకోని రా."

వారం తిరిగేసరికి మా గుమ్మం ముందు మోకాళ్ళ నొప్పులవాళ్ళు, ఉబ్బసంవాళ్ళు, జాతకంలో గండం ఉన్నవాళ్ళు బారులు తీరారు. అందరికీ చచ్చే వేషమే కావాలి. బతికి ఉండే వేషం ఇస్తానంటే, "మా మీద నీకేమి పగప్పా?" అని కోప్పడుతున్నారు. తిరునాళ్ళలో రాజు నేలకొరగగానే ఏడవాల్సిన జనం చప్పట్లు కొట్టి, "ఇంకో నూరేళ్ళు!" అని దీవించారు. ఆ రోజు అందరూ క్షేమం, చచ్చింది ట్రాజెడీ ఒక్కటే.

కనుక పాఠకులారా, మా గుడియాత్తం మగ్గాలన్నిటి మీదా చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో నా కలంతో రాజును గానీ బావను గానీ, ఆఖరికి ఏనుగును గానీ చంపను. చచ్చి తీరాల్సిందేనని ఎవరైనా పట్టుబడితే, ముందు వాళ్ళ అమ్మ దగ్గర అనుమతి చీటీ తీసుకుని రావాలి. సంతకం రాకపోతే వేలిముద్ర చాలు.