పక్కింటావిడ ఇచ్చిన తువాలు

అవునమ్మా, వీడియో కాల్‌లో నా వెనక అల్మారాలో నువ్వు చూసింది తువాలే. దాచుకోవడమేనా, వాడవా అన్నావు. ఎలా వాడాలో తెలియక దాచాను.

ఇక్కడ ఓక్‌విల్‌లో మా పక్కింట్లో ఒక పోర్చుగీసు పెద్దావిడ ఉండేది. ఇంగ్లీషు నాకెంతొచ్చో ఆవిడకీ అంతే. కంచెకి అటు ఆవిడ, ఇటు నేను. ఆవిడ ఆకుకూర సూపు ఇచ్చేది, నేను పులిహోర ఇచ్చేదాన్ని. అక్కడే నిలబడి తినేసేవాళ్లం. ఒకరింట్లో ఒకరం కూర్చున్నది లేదు.

ఆవిడ పోర్చుగల్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయే రోజు, కంచె మీదుగా ఒక తెల్లబట్ట నా చేతిలో పెట్టి "తువాల్యా" అంది. అంచు పొడుగునా ఆవిడ కుట్టిన నీలం పూలు. మన మాట ఆవిడ నోట వినేసరికి నాకు ఏడుపు ఆగలేదు. దాంతోనే కళ్లు తుడుచుకున్నాను. ఆవిడ ఏదో అనబోయి, నవ్వి, నా చెంప నిమిరింది. అంతలో కారు వచ్చేసింది.

మన దేశం నుంచి కాలేజీ పిల్లలు విరగబడి వస్తున్న రోజులవి. మా బేస్‌మెంట్‌లో నల్గొండ అమ్మాయి ఉండేది, ఇటాలియన్ రెస్టారెంట్‌లో పార్ట్‌టైమ్ చేసేది. దానికి జరిగిందంతా చెప్పి బట్ట చూపించాను.

"దీంతోని మొఖం తుడ్సుకున్నరా ఆంటీ? మా చెఫ్ తొవాల్యా తెమ్మంటే నేను బాత్రూంల తువాల తీస్కపోయిన. నవ్వి నవ్వి సచ్చిండ్రు. వాళ్లకు అది టేబుల్ మీద పరిచే బట్ట."

"ఈవిడది ఇటలీ కాదే, పోర్చుగల్."

ఫోన్‌లో వెతికింది. "స్పానిష్‌ల ఒళ్లు తుడుచుకునేదే. పోర్చుగీసుల రెండిటికీ అదే మాటంట. మన తువాల వాళ్ల ఓడలల్లనే వచ్చిందంట. ఇంగ్లీషు టవల్ గూడ దీని సుట్టమే. అసలు మొదలు జర్మన్ల పాత మాట, కడుగుడు అని."

"మరి ఇదేంటి, తుడుచుకునేదా, పరిచేదా?"

"గది ఫోన్ల లేదు ఆంటీ. మీ ఫ్రెండ్‌నే అడుగుర్రి."

ఎలా అడగను? నంబరు తీసుకోవాలన్న ధ్యాసే లేకపోయింది. బట్ట చూస్తే మా డైనింగ్ టేబుల్‌కి చిన్నది, నా భుజానికి పెద్దది.

ఏడుస్తానని తెలిసి కళ్లు తుడుచుకోమని ఇచ్చిందా? లేక ఒక్కసారైనా ఇద్దరం ఒక టేబుల్ దగ్గర కూర్చుని తిని ఉండాల్సిందని ఇచ్చిందా?