చివరి వరసలో పెద్దాయన

తప్పు నాదే. ముందే ఒప్పేసుకుంటే తిట్టేవాళ్లకు శ్రమ తగ్గుతుంది.

నోయిడాలో మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్లకు ప్రోగ్రాములు రాయడం నా ఉద్యోగం. ఒక ఆరోగ్య పథకం సభ్యులను నెలనెలా పరీక్షలకు రమ్మని ఉత్తరాలు పంపే ప్రోగ్రాం నా చేతి చలవే. సభ్యుల జాబితా సీక్వెన్షియల్ ఫైలు. అంటే పంక్తి భోజనం లాంటిది: మొదటి విస్తరి నుంచి వరసగా వడ్డించాల్సిందే, మధ్యలో ఎవరినీ లేపడానికి లేదు. ఎవరైనా పోతే ఆ పేరు వదిలేసి, తక్కినవాళ్లందరినీ కొత్త ఫైల్లోకి ఎక్కించాలి. నేను రాసింది ఇదీ: పోయినవారిని దాటు, తరువాతివారిని చదువు, రాయి. తరువాత ఎవరూ లేకపోతే? ఆ ప్రశ్న నా మహాబుర్రకు తట్టలేదు. అప్పుడు ప్రోగ్రాం చేతిలో మిగిలేది పోయినాయన రికార్డే. దాన్నే బుద్ధిగా రాసేస్తుంది.

జాబితాలో చిట్టచివరి పెద్దాయన పోయారు.

ఆయన భార్య, రిటైరైన నర్సు, ఫోన్ చేశారు. తెలుగావిడ అని లైను నాకు కలిపారు.

“ఆయన లేరని నాలుగుసార్లు రాసిచ్చాను బాబూ. అయినా ప్రతి నెలా పోస్టుమ్యాన్ గేటు దగ్గర ఆయన పేరు పెట్టి పిలుస్తున్నాడు. నేను లేచి ఆయన చెప్పులు తీసి గుమ్మంలో పెడుతున్నాను. అలవాటు. ఆ పిలుపు ఆపించు నాయనా.”

ఆ తరువాత మెట్రోలో ఎవరు ఎవరిని పిలిచినా నాకు ఆయన పేరే వినపడేది. ఫైలు తెరిస్తే చివర ఆయన, చెక్కు చెదరకుండా. నాలుగుసార్లు తీసేశాను, నాలుగుసార్లూ నేనే బతికించాను.

తప్పు ఎక్కడో దొరికాక బాస్ దగ్గరికి వెళ్లాను. కరీంనగర్ మనిషి. ఆయన అనుమతి లేనిదే ప్రోగ్రాం ముట్టుకోకూడదు.

“అరె భయ్యా, ఒక్క చిట్ఠీయే గదా! నడుస్తున్న ప్రోగ్రాంల ఏలు పెట్టకు. చింపి పారేస్తదిలే ఆమె.”

ప్రోగ్రాం ముట్టుకోలేదు. ఫైలు చివర, ప్రోగ్రాంని పరీక్షించడం కోసం, ఒక ఉత్తుత్తి రికార్డు చేర్చే హక్కు మాత్రం నాకుంది. చేర్చాను. పేరు, ఇంటి చిరునామా బాస్‌వి. పెద్దాయనను ఐదోసారి తీసేయమని రాశాను. ఈసారి తన తరువాత ఒకరున్నారు కాబట్టి, ఆయన చడీచప్పుడు లేకుండా వెళ్లిపోయారు. ఆ నెల ఆవిడ గేటు దగ్గర ఎవరూ పిలవలేదు.

రెండు నెలలకు బాస్ ఉత్తరాలు పట్టుకొచ్చాడు. “ఏందయ్యా ఇది? నాకేం రోగమొచ్చిందని మా ఇంటిది ఒకటే అడుగుతాంది. తీసెయ్ నన్ను!”

తీసేయమని రాసి, ప్రోగ్రాం నడిపి, ఆయన ముందే ఫైలు తెరిచాను. చివర ఆయన పేరు, చెక్కు చెదరకుండా.

“ఒక్క చిట్ఠీయే కదా సార్.”

సవరణకు అనుమతి పది నిమిషాల్లో వచ్చింది. నేను మాత్రం ఇంకో నెల ఉత్తరం వెళ్లాకే సవరించాను.