కొమురయ్య కేసు షీటు మీద నేను రాయని మాటలు

దయ్యాలున్నయంటే నేను ఏనాడూ నమ్మలే. మా బాపు బెల్లంపల్లి బొగ్గుబాయిల ఇరవై ఏండ్లు పనిచేసిండు. "బాయిల దేనికి భయమైతది బాపూ?" అని చిన్నప్పుడు అడిగితె "మీది కప్పుకు, నీళ్ళకు. ఇంక దేనికి గాదు బిడ్డా" అన్నడు. నేను గోదావరిఖనిల కంపెనీ దవాఖానల కొలువు చేసినన్ని రోజులు, శవాలు పెట్టే అర్రకు ఆనుకొని ఉన్న అర్రలనే కూసున్న. ఒక్కనాడు గూడ ఒళ్ళు జలదరించలే.

ఇప్పుడు చెప్పే సంగతి గూడ భయపెట్టనీకి చెప్తలేను. యాదికొస్తే నాకు ఇప్పటికీ ముందుగాల కోపమే వస్తది.

డెబ్బైల మొదట్ల సంగతి ఇది. మంచిర్యాలల చదువు అయిపోంగనే నాకు ఆ దవాఖానల రికార్డు క్లర్కు కొలువు దొరికింది. అప్పటికి దవాఖాన అంటే రేకుల కప్పేసిన నాలుగు పొడుగు షెడ్లు. నా పని కేసు షీట్లు రాసుడు, వరుసగ పెట్టుడు, అడిగితె తీసిచ్చుడు. పొద్దుగాల తుడిచిన షీట్ల మీద పగటాళ్ళకు మళ్ళ బొగ్గుపొడి పేరేది.

కేసు షీటు అంటే ఉత్త కాగితం అనుకుంటరు. అందుల ఒక గడి ఉంటది: దెబ్బ ఎక్కడ, ఎట్ల తాకింది అని. ఆ గడిల బాయిల తాకింది అని ఉంటే, ఆ మనిషి కోలుకున్నంక బాయి పైన అల్కటి పని ఇస్తరు. ఇంటికాడ తాకింది అని ఉంటే ఏమియ్యరు. నడుము విరిగినా సరే మళ్ళ కిందికి దిగాలె, లేకుంటే కొలువు ఇడిచిపెట్టాలె. ఒక్క గడిల నాలుగు మాటలు. అంతే.

బాయిల పనిచేసే కొమురయ్యను తెచ్చిన రోజు నేను వరండలనే నిలబడ్డ. పొద్దుగాల పదైతుండె. మొదటి షిఫ్టు. స్ట్రెచర్ మీద నెత్తి నుంచి పాదాల దాక బొగ్గు నలుపు. బాయిల దిగేటప్పుడు నడుముకు కట్టుకునే లైటు బెల్టు ఇంక అట్లనే ఉన్నది. తెచ్చినోళ్ళు "కప్పు కూలింది, కప్పు కూలింది" అని మొత్తుకుంటున్నరు. మొదటి షీటు డ్యూటీ నర్సు రాసింది. బాయిల తాకింది అనే రాసింది. నేను చదివిన.

కొమురయ్యకు నాలుగు రోజులు స్పృహ లేదు. వచ్చినంక గూడ ఆ పొద్దు ఇంట్ల గంజి తాగుడు యాదికున్నదట, బాయిల దిగింది గూడ యాదికి లేదు. వెన్నుపూస దెబ్బతిన్నది, ఇగ వంగి పని చెయ్యలేడు అని చిన్న డాక్టర్లు మాట్లాడుకునుడు నేను ఇన్న.

మూడో రోజు పెద్ద డాక్టరు నన్ను పిలిచిండు. ఆ షీటు మీద సిరా ఒలికింది, కొత్తది రాయాలె అన్నడు. ఒలికిన షీటు మాత్రం చూపియ్యలే. ఆయన చెప్తుంటె నేను ఇంగ్లీషుల రాయాలె. ఎట్ల తాకింది అనే గడి వచ్చింది. "ఇంట్ల మంచం మీదికెళ్ళి పడ్డడు అని రాయి" అన్నడు.

"సార్, ఆయన లైటు బెల్టుతోని వచ్చిండు గద" అన్న.

"నువ్వు క్లర్కువా, డాక్టరువా?" అన్నడు. ఫ్యాను దిక్కు చూసుకుంట కూసున్నడు.

సంగతి దవాఖాన అంతట ఎరుకే. ఆ బాయికి ఆ ఏడు ప్రమాదాలు లేని బాయి అని షీల్డు ఇయ్యబోతున్నరు. రెండు మూడు నెలలల్ల పెద్దోళ్ళు వస్తరట, షామియాన వేస్తరట. ఒక మనిషి నడుము విరిగితె, అది బాయిల ఇరగలేదని రాస్తే, బాయికి షీల్డు వస్తది. గిదీ లెక్క! ఎవ్వలకన్న చెప్తే నవ్వుతరు. మేము మాత్రం నవ్వలే, ఏడ్వలే. చెప్పింది రాసినం.

నేను రాసిన. మా అవ్వ మంచంల ఉన్నది, తమ్ముడు చిన్నోడు, బాపు పోయి రెండేండ్లు. గివన్ని సాకులే. రాసిన. కింద కార్బన్ పెట్టి రెండు కాపీలు రాసిన. డాక్టరు నా ముందటనే పై షీటు మీద సంతకం పెట్టిండు. కార్బన్ కాపీ బాయి ఆఫీసుకు పోయింది. పై షీటు నా బీరువల పెట్టి తాళమేసిన. తాళంచెవి ఒక్కటే. అది నా కొంగు ముడిల ఉండేది.

కొమురయ్య పెండ్లాం లచ్చవ్వ దినాం నా కిటికి కాడికి వచ్చేది. "అక్కా, నువ్వు సూసినవ్ గద. నల్లగ తెచ్చిన్రు గద మావోన్ని" అనేది. నేను ఫైళ్ళు సదురుతున్నట్టు చేసేదాన్ని. ఒకనాడు ఆమె దూరంకెళ్ళి వస్తుంటె చూసి కిటికి రెక్కలు దగ్గరికి ఏసిన.

ఆమె నన్ను నమ్ముకొని కూసోలే. యూనియనోళ్ళ వెంటబడి దరఖాస్తు పెట్టిచ్చింది. రెండు నెలలకు పెద్దాఫీసు నుంచి ఒక ఆఫీసరు విచారణకు వచ్చిండు.

విచారణ దవాఖానలనే, పగటి పూట పదకొండుకు. ఆఫీసరు, పెద్ద డాక్టరు, ఆనాడు ఆ షిఫ్టు మీద ఉన్న సర్దారు ఓదెలు, గోడకు ఆనుకొని లచ్చవ్వ. కొమురయ్యను కుర్చీల మోసుకొచ్చి కూసోబెట్టిన్రు. సర్దారు అంటే బాయిల పదిమందికి పని చెప్పెటోడు. కప్పు మంచిగున్నదా లేదా చూసే పూచీ గూడ ఆయనదే. ఓదెలు ముందే చెప్పిండు, ఆనాడు బాయిల ఏం కాలేదని. స్ట్రెచర్ తెచ్చినోళ్ళు గాని, నర్సు గాని ఎవ్వలు సాక్ష్యానికి రాలే.

ఆఫీసరు కార్బన్ కాపీ చదివిండు. ఇంగ్లీషుల, మంచం మీదికెళ్ళి పడ్డడని. అసలు షీటు తెమ్మన్నడు. నేను పోయి తాళం తీసి తెచ్చిన. దాని మొఖం చూడబుద్ధి కాలే. మడత మడతనే ఆయన చేతికిచ్చిన.

ఆయన మడత ఇప్పి చానసేపు చూసిండు. కార్బన్ కాపీ పక్కకు పెట్టుకొని మళ్ళ చూసిండు. "ఇది తెలుగుల ఉందేంది?" అన్నడు.

మేము షీటు మీద తెలుగుల ఎన్నడు రాయం. నాకు అర్థం కాలే. ఆయన పెద్దగ చదువుడు మొదలువెట్టిండు.

"మొదటి షిఫ్టు. మీది కప్పు రెండుసార్లు చిట్లిన చప్పుడైంది. సర్దారుకు చెప్పిన. ఆయన అరచేతుల తంబాకు నలుసుకుంట, ఆఖరి బొగ్గు టబ్బు నింపు పోదాం అన్నడు. సగం నింపంగనే కూలింది."

నేను పోయి ఆఫీసరు భుజం మీదికెళ్ళి చూసిన. అక్షరాలు నావే. మంచిర్యాల బడిల మా టీచరమ్మ తిట్టేది, 'ళ' తోక అంత పొడుగు తియ్యకు అని. ఆ తోక గూడ అట్లనే ఉన్నది. తక్కిన గడులు నేను రాసిన ఇంగ్లీషే. సంతకానికి మీదున్న ఆ ఒక్క గడి మారింది. దిద్దిన మచ్చ లేదు, గీకిన గుర్తు లేదు. కింద డాక్టరు సంతకం.

"ఈమెనే మార్చింది" అని డాక్టరు లేసి నిలబడ్డడు.

"సంతకం మీది కాదా?" అన్నడు ఆఫీసరు. కాగితం ఎత్తి ఎలుగుకు పెట్టి చూసిండు. ఆఖరి అక్షరం ఒంపు ఒకటి సంతకంల కలిసిపోయి ఉన్నది. ఆ ఒంపు మీదికెళ్ళి సంతకం గీత పోయింది. అంటే రాత ముందు, సంతకం తర్వాత. డాక్టరు మళ్ళ కూసున్నడు.

"సార్, అక్షరాలు నావే. గని నేను రాయలే. నేను మంచం అనే రాసిన" అన్న. నా నోటితోని నేను చేసిన తప్పు బయటపెట్టింది అప్పుడే, అది గూడ షీటు మార్చిన నేరం తప్పించుకునేటందుకే.

ఓదెలు గోడ పట్టుకొని కింద కూసున్నడు. ఆయన మొఖం చూసి నీళ్ళు తాగిచ్చిన్రు. గ్లాసు కింద పెట్టి అన్నడు: "ఈ అమ్మకు బాయి గురించి ఏమెరుక సార్? ఆడ మేమిద్దరమే ఉంటిమి. వానికి యాది లేదాయె. తంబాకు ముచ్చట నేను మా ఇంటిదానికి గూడ చెప్పలే." ఆ తర్వాత ఉన్నది ఉన్నట్టు అంత చెప్పిండు. చెప్తున్నంతసేపు కొమురయ్య దిక్కు చూడలే.

కొమురయ్య మాత్రం ఆయన్నే చూసిండు. "చప్పుడైందని నీకు నేను చెప్పిన్నా?" అని అడిగిండు.

"చెప్పినవ్ రా" అన్నడు ఓదెలు.

కొమురయ్యకు బాయి మీద లైట్లిచ్చే అర్రల కూసునే పని దొరికింది. బాయికి షీల్డు రాలే, షామియాన వేసినోళ్ళు ఇప్పుకపోయిన్రు. ఓదెలుకు సర్దారు పని పోయింది. పెద్ద డాక్టరుకేమైందంటరా? ఏం కాలే. ఇంక పెద్ద దవాఖానకు, ఇంక పెద్ద కుర్చీకి పోయిండు. అబద్ధం చెప్పిచ్చినోడు పైకి, చెప్పినోడు కిందికి. నన్ను రికార్డులల్ల అవకతవకలు చేసినందుకు అని రాసి బెల్లంపల్లికి బదిలీ చేసిన్రు. ఇంగ్లీషుల అబద్ధం రాసినందుకు కాదు, తెలుగుల నిజం ఉన్నందుకు!

యూనియనోళ్ళు నాకు మీటింగు పెట్టి దండేసిన్రు. నేను లేసి "నేను రాయలే" అంటే చప్పట్లు కొట్టిన్రు. గొప్పలు చెప్పుకోదు అని మెచ్చుకున్నరు. నాకు ఆ దండ తెంపి పారెయ్యాలనిపించింది.

బెల్లంపల్లికి పోయే ముందు లచ్చవ్వ వచ్చి కాళ్ళు మొక్కబోయింది. నాకు గుస్స ఆగలే. "మొక్కకు! నేను అబద్ధమే రాసిన. ఇంట్ల పడ్డడనే రాసిన. ఎన్నిసార్లు చెప్పాలె?" అని అరిచిన.

ఆమె లేసి నిలబడ్డది. నన్ను నిదానంగ చూసింది. "గందుకేనా, నన్ను సూసి కిటికి ఏసినవ్?" అన్నది. ఆమె పోయింది. మళ్ళ ఎన్నడు కలవలే.

ఎన్ని తీర్ల ఆలోచించిన్నో. నా చేత్తోని నేనే సోయి లేక రాసిన్నా అనుకుంటే, తంబాకు సంగతి నాకెట్ల తెలుస్తది? నేను బాయిల ఒక్క మెట్టు గూడ దిగలే. తర్వాత ఎవలన్న మార్చిన్రనుకుంటే, సంతకం కిందికి రాత ఎట్ల పోతది? రాసేటప్పుడే మారిందనుకుంటే, కార్బన్ కాపీల మంచం ఎందుకున్నది?

మేము పోయే చర్చి అయ్యగారికి చెప్తే దేవుని హస్తం అన్నడు. "రాసే చెయ్యి ఉన్నోనికి ఆ కప్పు పట్టుకునే చెయ్యి లేదా అయ్యగారూ?" అన్న. ఆయన ప్రార్థన చేద్దామన్నడు.

అది ఎవలు రాసిన్రో నాకు ఇప్పటికీ తెల్వదు. తెల్వదనే చెప్తున్న, కతలు కడ్తలేను. గని ఎవలైనా సరే, వాళ్ళ మీద గూడ నాకు కోపమే. విచారణ నాడు ఆ షీటు మీద మంచమే ఉండి, అది తప్పు అని చెప్పే వంతు నాకు వచ్చి ఉంటే, నేను చెప్తుంటినో లేదో. చెప్తుంటి అని ఒట్టు పెట్టి అందామంటే నోరు రాదు. అది తెలుసుకునే సందు గూడ నాకియ్యకుండ, నా అక్షరాలతోనే రాసి పెట్టి పోయిన్రు.