క్రేను దిగిన ఆపిల్ పండ్లు

మా వైపు నాయకుడి మీద అభిమానాన్ని కిలోల్లో తూచే కాలం అది. పూలదండ వేస్తే మామూలు అభిమాని. క్రేను తెప్పించి, దానికి ఆపిల్ పండ్ల దండ వేలాడదీస్తే రేపోమాపో పదవి వచ్చే అభిమాని. (ఆ కాలం పోయిందని నేను అనడం లేదు. నేను క్రేనుల కింద నిలబడటం మానేశాను, అంతే.) అప్పటికి నేను అనంతపురంలో కెమిస్ట్రీ డిగ్రీ పూర్తిచేసి, గార్లదిన్నె దగ్గర మా ఊళ్లో చిన్నాయన ఇంట్లో ఉంటూ ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నాను. ఎదురుచూడటంలో మంచి అనుభవమే వచ్చింది.

చిన్నాయన కూడా ఎదురుచూస్తున్నాడు, మండలంలో ఒక పదవి కోసం. నాయకుడు హైవే మీద వెళ్తున్నాడని తెలిసి, చేతిలో ఉన్నదంతా పెట్టి క్రేనూ దండా సిద్ధం చేశాడు. దండ మూడు నిలువుల పొడవు, ఒక్కో పండు నడుమ నుంచి ఇనుప తీగ. కారు వచ్చింది, కొంచెం నెమ్మదించింది, అద్దం దిగింది, ఒక చెయ్యి బయటికొచ్చి క్రేనుకు అభివాదం చేసింది, కారు వెళ్లిపోయింది. మామూలుగా అయితే అటు నాయకుడు కదలగానే ఇటు జనం పండ్లు పీక్కుపోతారు. చిన్నాయన ఎవరినీ ముట్టనివ్వలేదు. సాయంత్రం ఇదే దారిన తిరిగొస్తాడని ఆయన లెక్క. నాయకుడు వేరే దారిన తిరిగి వెళ్లాడు.

చీకటి పడే వేళకు దండ ట్రాక్టర్ మీద, టార్పాలిన్ కప్పుకుని ఇంటికి చేరింది. చిన్నాయన అన్నం ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. అదే పదవి మీద కన్నున్న ఎదురింటి మీసాలాయన మజ్జిగ కోసమని మూడుసార్లు వచ్చి, మూడుసార్లూ టార్పాలిన్ వైపే చూసి, ఊరికి పంచుతారేమోనని ముందే చెప్పి వెళ్లాడు: "కారు నిలబడని పండ్లు మాకొద్దప్పా." దిబ్బమీద పారేస్తే దారిన పోయేవాళ్లందరికీ కనబడతాయి. గొర్రెలకు వేస్తే, నాయకుడి దండ గొర్రెలు తిన్నాయన్న మాట నాయకుడి దాకా వెళ్తుంది. ఇంట్లోనే ఉంచితే, అసలే ఎండాకాలం, మూడో రోజుకు వాసనే చాటింపు వేస్తుంది. పండ్లు కుళ్లేలోగా ఏదో ఒకటి చెయ్యకపోతే చిన్నాయన ఊళ్లో తలెత్తుకోలేడు.

ఎవరూ అడగకపోయినా నేను సలహా ఇచ్చాను. ఉడికించి, గుజ్జు చేసి, సీసాల్లో పెట్టి మూత బిగిస్తే ఏడాది నిలుస్తుందన్నాను. "నీకెట్ల తెలుసు?" అన్నాడు చిన్నాయన, గోడతోనే. చదివినానన్నాను. (చదివింది రంగునీళ్లలో ఏ లవణముందో కనిపెట్టడం. వాటిలోనూ సగం పక్కవాడే కనిపెట్టాడు.)

కొత్తగా పైసా ఖర్చుపెట్టే వీలు లేదు. సీసాలు చుట్టాల ఇళ్ల అటకల మీద నుంచి వచ్చాయి, పొయ్యిలోకి వేరుశనగ పొట్టు, పులుపుకు పెరటి నిమ్మకాయలు, చక్కెర బదులు పండ్ల మంచితనం. తీగ పోయిన దారినే గింజలూ చాలావరకు పోవడంతో సగం పని నాయకుడి పేరుమీదే అయిపోయింది. చిక్కంతా నీళ్ల దగ్గర వచ్చింది. మూడు రోజులకొక ట్యాంకర్ వచ్చే ఊళ్లో నేను గంగాళం నిండా మంచినీళ్లు పోసి, అందులో ఖాళీ సీసాలు మరిగిస్తున్నాను. మా అవ్వ చాలాసేపు నిలబడి చూసింది.

"ఏంరా, వాటి లోపల ఏముండాదని ఉడకబెడతాండావు?"

"ఏమీ లేదవ్వా. ఏమీ లేకుండా ఉండాలనే."

చల్లారాక అవ్వ ఆ నీళ్లను బర్రె కుడితిలోకి తోడుకుపోయింది. మరిగిన సీసాల్ని నేరుగా చల్లటి బండల మీద పెట్టడంతో నాలుగు పగిలాయి. ఆ పాఠం మా సిలబస్‌లో లేదు.

గుజ్జు ఉడికాక అవ్వ వేలితో రుచి చూసి, జ్వరమొచ్చినవాళ్లు తినేదని తీర్పు చెప్పింది. సగం గుజ్జు తన వైపు లాక్కుని ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, బెల్లం వేసి, ఆవాల తాలింపు పెట్టింది. శాస్త్రం ఒప్పుకోదన్నాను. పోయి తెడ్డు తిప్పమంది చిన్నమ్మ. వేడివేడిగా అంచుదాకా నింపి మూతలు బిగించాం. చల్లారేకొద్దీ ఒక్కో మూత 'టిక్'మని లోపలికి దిగుతుంటే, ఒక్కో చప్పుడుకు చిన్నాయన గోడ నుంచి కొంచెం కొంచెం ఇటు తిరిగాడు. పూర్తిగా తిరిగాక అన్నం పెట్టమన్నాడు.

రెండు నెలలకు నాయకుడి కారు మా ఊరి మలుపులో ఆగింది. అభిమానం ఆపలేని కారును ఒక మేకు ఆపింది. స్టెప్నీలోనూ గాలి లేదట. భోజనాల వేళ, దగ్గరున్న ఇల్లు మాది, వచ్చి కూర్చున్నాడు. ఇంట్లో ఉన్నది సంగటి, అవ్వ గుజ్జు. మీసాలాయన అప్పటికే వచ్చి గడపలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నాయకుడు రెండు ముద్దలు మింగి, మూడోది కలుపుతూ అడిగాడు.

"ఏమప్పా ఇది, మామిడికాయనా?"

చిన్నమ్మ గరిటె ఆగిపోయింది. మామిడే అని చెప్పమని నేను కళ్లతో బతిమాలాను.

"మీ దండేనన్నా," అన్నాడు చిన్నాయన.

"ఏం దండ?"

"హైవేలో క్రేనుకు కట్టింటిమి. మీరు నిలబడల్యా."

నాయకుడు పళ్లెంలోకి చూశాడు, చిన్నాయన వైపు చూశాడు. పదవి ఆ రెండు చూపుల మధ్య ఎక్కడో తిరుగుతోంది. తర్వాత నవ్వాడు. "నాదేగా. ఇంగొంచెం వెయ్యమ్మా," అన్నాడు.

వెళ్తూ రెండు సీసాలు పట్టుకుపోయాడు. పదవీ వచ్చింది (మరీ పెద్దది కాదు, కుర్చీ ఉంది, ఫ్యాను లేదు). అసలు గెలుపు మాత్రం నాయకుడు తిని వెళ్లిన మర్నాడు పొద్దునే, మీసాలాయన భార్య చేతిలో ఖాళీ గిన్నె రూపంలో వచ్చింది. చిన్నాయనే స్వయంగా అంచుదాకా నింపి, ఇంకా కావాలంటే మొహమాటపడొద్దని చెప్పి పంపాడు.

ఇప్పుడు నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒక ఆఫీసులో 'పరిశీలించి చెబుతాం' అనే మాట మీద బతుకుతున్నాను. గుజ్జు ఎందుకు పులుస్తుందో, ఎక్కడ చెడుతుందో అన్నీ తెలుసుకున్నాను. ఇదంతా ఆ రోజే తెలిసుంటే పొయ్యే వెలిగించేవాణ్ణి కాదు. ఏమీ తెలియకుండా అంత ధీమాగా 'ఏడాది' అన్న ఆ కుర్రాడు ఎక్కడైనా ఎదురుపడితే గట్టిగా మందలించాలని ఉంటుంది. కాకపోతే, ముందు వాణ్ణి ఒకటి రెండు సలహాలు అడుగుతాను.