పగడం వేడెక్కేదాకా

మా పూసలత్త మొన్న బుధవారం తెల్లవారుతుండగా నిద్రలోనే పోయింది. ఈ వానాకాలమంతా ఆయాసంతో గోడకు చేరగిలబడే ఉంది. చివర్లో మాత్రం హాయిగా వెల్లకిలా పడుకోగలిగిందట. "పిలిస్తే పలకలేదప్పా, అంతే," అని ఆమె కోడలు ఫోన్లో చెప్పినప్పుడు, ముందు నాకు ఏడుపు రాలేదు. బాధ లేకుండా పోయిందని చేతులు వాటంతటవే జోడయ్యాయి. ఆ వెంటనే భయం పట్టుకుంది. ఈ మాట మా చెల్లికి ఎలా చెప్పడం?

పూసలత్త మాకు చుట్టం కాదు. చిమిండైంగ్ బజారులో చాప పరుచుకుని పూసలు గుచ్చేది. యాంగోన్‌లో మన తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళకు సూత్రంలో నల్లపూసలూ పగడాలూ ఎక్కించింది చాలావరకు ఆవిడే. బర్మావాళ్ళకు కూడా ఆవిడ 'అడో'యే, అంటే అత్తే. దారం కొన నాలుకతో తడిపి, ఒక కన్ను మూసి, కబుర్లు ఆపకుండానే గుచ్చేది. ఎవరైనా తొందరపెడితే, "దారాన్ని తొందరెడితే ముడి పడతాది, నన్ను తొందరెడితే తిట్లు పడతాయి," అనేది.

మా చెల్లి సూత్రం గుచ్చిందీ ఆవిడే. మరిది ఇన్సేన్‌లో రైలు వర్క్‌షాపులో పనిచేసేవాడు. ఒక మధ్యాహ్నం గుండె ఆగి పోయాడు. చెల్లి ఏడవలేదు. మాట్లాడలేదు. పెట్టిన అన్నం కలుపుతూ కూర్చునేది, ముద్ద నోటిదాకా వెళ్ళేది కాదు. ఇంటికి పెద్దదాన్ని, నాకు తెలిసిందల్లా దీపం పెట్టి దేవుణ్ణి అడగడమే. అడుగుతూనే ఉన్నాను.

పదో రోజున సూత్రం తీశాక పూసల్ని ఏట్లో కలిపేయమన్నారు. పూసలత్త వాటిలోంచి రెండు పగడాలు ఏరి, పసుపు నీళ్ళలో కడిగి, చెల్లి గుప్పిట్లో పెట్టింది. మా పెద్దమ్మ ఊరుకోలేదు.

"మొగుడు పోయినదానికి ఎర్ర పూసలేటే?"

"మెళ్ళో ఎయ్యలేదు కదే, సేతిలో ఎట్టినాను. సేతికి కూడా విధవరికం ఉంటాదేటి?"

పెద్దమ్మ పసుపు నీళ్ళ గిన్నె తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

ఇక రోజూ దీపాలవేళకు పూసలత్త మా ఇంటికి వచ్చేది. చెల్లి అరచేతిలో పగడాలు పెట్టి, వేళ్ళు మూసి, పైన తన చెయ్యి వేసేది. "సల్లగున్నాయి కదా? ఏడెక్కీదాకా ఆయన గురించి ఏదో ఒకటి సెప్పు. మంచే సెప్పక్కర్లేదు." చెల్లి చెప్పేది కాదు. అప్పుడు ఆవిడే తన మొగుడి సంగతి ఎత్తుకునేది. "బతికున్నన్నాళ్ళూ కూరలో ఉప్పు సాల్లేదని సంపీసినాడు. పోనాక చూడు, నాకూ సాలట్లేదు." మరునాడు ఇంకో కథ. మరిదికి నిద్ర పట్టకపోతే ఏం చేసేవాడని అడిగేది, ఏ కూర ఇష్టమని అడిగేది, జవాబు రాకపోతే కోపగించుకోకుండా వెళ్ళిపోయేది.

ఒక సాయంత్రం నేను హారతి పళ్ళెం పట్టుకుని నిలబడి ఉండగా చెల్లి గొంతు వినిపించింది. "లుంగీ కట్టుకోడం రాదు ఆయనకి. నడిరోడ్డు మీద ఆగిపోయి మళ్ళీ కట్టుకునీవోడు." చెప్పి నవ్వింది. నవ్వు సగంలో ఏడుపైంది. వీధి చివరిదాకా వినపడేంత ఏడుపు. పూసలత్త నావైపు చూసి, "పెద్దమ్మీ, హారతి కానీ, ఆరిపోతాది," అంది, ఏమీ జరగనట్టు.

పగడానికి అంత శక్తి ఉందా అని ఒకసారి అడిగాను. కుజుడి రాయి కదా, మంత్రం ఏదైనా ఉందేమోనని నా అనుమానం. "రాయిలో ఏటుందో రాయికే తెలియాలి. సేతిలో ఏదోటి ఉంటే సెయ్యి ఊరుకుంటాది. సెయ్యి ఊరుకుంటే నోరు విప్పుతాది," అంది. చెల్లికి రాత్రిళ్ళు నిద్ర లేదని తెలిసినప్పుడు మాత్రం, "దానికి పగడం సాలదు, డాక్టరు కాడికి తీసుకెల్లు," అని నన్నే కసిరింది.

ఇంకో సంగతి గుర్తొస్తోంది. ఒక బర్మా అమ్మాయి ఫోన్ చేత్తో పట్టుకుని బజారుకు వచ్చింది. దుఃఖం పోవడానికి పగడాన్ని గుండె మీద పెట్టుకోవాలనీ, ముందు వెన్నెల్లో ఉంచాలనీ అందులో ఉందట. అత్త నావైపు తిరిగి, "సముద్రంలో పుట్టిందానికి ఎన్నెల మనం సూపించాలేటే?" అని నవ్వింది. వెంటనే నవ్వు ఆపి, బర్మా భాషలో, "ఎవరు పోయారమ్మా?" అని అడిగింది. ఆ పిల్ల అమ్మ పోయిందట. చాప మీద చోటు చేసి కూర్చోబెట్టుకుంది. ఆ పూట ఇంకెవరి పూసలూ గుచ్చలేదు.

మా చెల్లి పగడాలు ఆ పిల్లకే వెళ్ళాయి. సంగతి విని చెల్లే ఇచ్చింది. అప్పటికి అన్నం తింటోంది, మా దుకాణంలో కూర్చుంటోంది, నాతో గొడవ కూడా పడుతోంది. అందుకే మొన్న నాకు భయం. నోట మాట రప్పించిన మనిషే పోతే, చెల్లి మళ్ళీ మూగదైపోతుందేమోనని.

చెప్పేశాను. చెల్లి ఒక్కటే అడిగింది.

"ఆయాసపడిందా, అప్పా?"

"లేదమ్మా. నిద్దట్లోనే."

"అమ్మయ్య," అంది. అని ఏడ్చింది. ఏడుస్తూనే చీర మార్చుకుని నాకన్నా ముందు గడప దాటింది. పూసలత్తకు తల దువ్వింది చెల్లే. "ఈ ఎంటికల్తో ఎంతమందిని ఏడిపించినావే," అని శవంతో పరాచికాలాడుతుంటే కోడలు ఏడుస్తూ నవ్వింది.

దహనం అయ్యాక టాక్సీలో తిరిగి వస్తున్నాం. చెల్లి నా భుజం తట్టింది.

"అప్పా, ఆకలేస్తంది."

స్నానం కాలేదు. శ్మశానం నుంచి వస్తూ స్నానం లేకుండా మెతుకు ముట్టని ఇల్లు మాది. నోటిదాకా వచ్చిన మాటను మింగి, టాక్సీ ఆపమన్నాను.

రోడ్డు పక్క బల్ల దగ్గర కూర్చున్నాం. చేపల పులుసు పొగలు కక్కుతున్న మొహింగా గిన్నె ముందుకు లాక్కుని చెల్లి నిమ్మకాయ పిండుకుంది. కళ్ళలోంచి నీళ్ళు కారి గడ్డం మీదుగా గిన్నెలో పడుతున్నాయి. తుడుచుకోవడం లేదు. చెంచా మాత్రం ఆగడం లేదు. అడుగు కనపడేదాకా తిని, గిన్నె పైకెత్తి, ఇంకొంచెం పొయ్యమని దుకాణం ఆవిడకు చూపించింది.