టీచరమ్మ తుడవమన్న నీటిబొట్టు

మొన్న మంగళవారం పొద్దున మా సైన్సు టీచరమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. వరంగల్‌లో మా వీధి సగం ఆమె దగ్గర చదువుకున్నదే. నేను ఏడో తరగతిలో బడి మానేసి, బైబిలు ఒక్కటే కూడబలుక్కుని నేర్చినవాణ్ణి. అయినా ఆమె ప్రతి ఆదివారం మా చిన్న చర్చిలో నా ప్రసంగానికి వచ్చేవారు. చివరి బెంచీలో కూర్చుని కళ్లద్దాలు కొంగుతో తుడుచుకునేవారు. నా గొంతు పెరిగితే, "మెల్లగ చెప్పు బిడ్డా, దేవునికి చెవుడు లేదు" అనేవారు.

ఒక ఆదివారం గురించి నేను సాక్ష్యం చెప్పాలి. వాన వెలిసి అప్పుడే ఎండ వచ్చింది. స్వస్థత మీద నేను నిప్పులు చెరుగుతుంటే గోడ మీద వెలుగు లేచింది. కత్తితో గీసినట్టున్న అంచులు, రెండు రెక్కలు, మెల్లగా కదులుతున్నాయి. "దేవదూత" అని అరిచాను. అందరూ మోకరించారు. రఘునాథపల్లి నుంచి వచ్చే చెల్లె ఒకామెకు షుగరు. సంచిలోంచి ఇన్సులిన్ సీసా తీసి నా బైబిలు పక్కన పెట్టింది.

"అన్నా, ఇగ సూదులు బందు వెడ్త."

టీచరమ్మ లేచి నా దగ్గరికి వచ్చి, చేతిరుమాలు నా చేతిలో పెట్టి నాకొక్కడికే వినబడేలా అన్నారు.

"కిటికీ అద్దం మీద నీటిబొట్టున్నది. ఎండ దాంట్లకెళ్లి వంగి, గోడ మీద ఒక్కతాన కుప్పవడ్డది. పోయి తుడువు."

"అందరి ముందట నా ఇజ్జత్ పోతది టీచరమ్మా."

ఆమె నా బైబిలు మీద వేలు పెట్టారు. "అబద్ధ సాక్ష్యం వద్దని దీంట్లనే ఉన్నది గదా. నేను తుడిస్తే అవిశ్వాసి అంటరు. నువ్వు తుడిస్తేనే ఆ పిల్ల సూది ఏసుకుంటది."

కిటికీ దాకా నాలుగడుగులే. కిటికీ రెక్క సందులోంచి చెయ్యి బయటికి పెట్టి అద్దం తుడిచాను. గోడ మీద ఒట్టి సున్నం మిగిలింది.

"దూతను తుడిసిపారేసినవ్ గద అన్నా," ఎవరో నవ్వారు.

"అది నీటిబొట్టు. నేనే తప్పు చెప్పిన. చెల్లే, సూది ఏసుకో."

ఆమె ఒట్టి గోడ వైపు చూసి, సీసా సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

మొన్న బుధవారం టీచరమ్మను పడుకోబెట్టిన ఫ్రీజరు పెట్టె దగ్గర ఆ చెల్లె నా పక్కనే నిలబడింది. గాజుమూత మీద చెమ్మ బొట్లు కట్టింది. పొద్దుటెండ వాటిలోంచి దిగి టీచరమ్మ తెల్లచీర మీద సన్నటి వెలుగు గీతలై వణుకుతోంది.

"తుడువనా అన్నా?" చెల్లె కొంగు పట్టుకుని అడిగింది.

"జర ఆగు," అన్నాను.

ఒక బొట్టు జారింది. దాని వెలుగు టీచరమ్మ ముడిచిన చేతుల మీదుగా నడిచి, చీర అంచు దగ్గర ఆగింది.